రింగ్ సర్క్యూట్ మీద 16 ఆంప్స్ సాకెట్ పెట్టొచ్చా? గరాజ్‌లో ఇండక్షన్ స్టవ్ కోసం

గరాజ్_వంటిల్లు (రెడింగ్)
అందరికీ నమస్కారం. మాది రెడింగ్‌లో 1980ల నాటి సెమీ డిటాచ్‌డ్ ఇల్లు, గరాజ్ ఇంటిని ఆనుకునే ఉంటుంది. చేపల పులుసు పెట్టినా, కాకరకాయ వేపుడు చేసినా ఆ వాసన కార్పెట్లకీ కోట్లకీ పట్టేసి వారం దాకా వదలడం లేదు, అందుకని గరాజ్ వెనక సగాన్ని చిన్న వంటిల్లుగా మార్చుకుంటున్నాం. పండగలకి పాతికమందికి వండేలా 3.5 కిలోవాట్ల కమర్షియల్ ఇండక్షన్ స్టవ్ కొన్నాం. దానికి మామూలు మూడు పలకల ప్లగ్ కాకుండా నీలం రంగు గుండ్రటి 16 ఆంప్స్ ప్లగ్ వచ్చింది. గరాజ్‌లో ఇప్పటికే ఒక డబుల్ సాకెట్, ఒక సింగిల్ సాకెట్ ఉన్నాయి, సింగిల్‌కి ఫ్రీజర్ పెట్టాం. మెట్ల కింద ఉన్న బోర్డులో సాకెట్ల ఎంసీబీ మీద 32 అని రాసుంది. 32లో 16 సగమే కదా, డబుల్ సాకెట్ విప్పేసి అదే వైరుకి నీలం సాకెట్ బిగించేస్తే అయిపోతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. మా తణుకులో అయితే పవర్ ప్లగ్ ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టించుకుంటాం. ఇక్కడ ఏమైనా అడ్డం ఉందా?

వైర్‌మన్_స్లావ్
అన్నా, అలా బిగించొద్దు. నేను ఇక్కడ ఇదే పని చేస్తాను, వివరంగా చెప్తాను.

ఇక్కడి ఇళ్లలో సాకెట్లకి వేసేది రింగ్. బోర్డులో 32 ఆంప్స్ ఎంసీబీ దగ్గర బయల్దేరిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ఒక్కో సాకెట్‌ని తాకుతూ ఇల్లంతా తిరిగి మళ్లీ అదే ఎంసీబీకి వచ్చి చేరుతుంది. ఆ వైరు ఒక్కదానికీ 32 మోసే స్తోమత లేదు. గోడకి నేరుగా క్లిప్ చేస్తే 27, చలి ఆపే ఇన్సులేషన్ ఉన్న గోడలోంచి పోతే 20. మరి 32 ఎంసీబీ ఎలా పెట్టారంటే, కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి, వాడకం ఇల్లంతా చెదిరి ఉంటుంది కాబట్టి. ఇంకోటి, ప్రతి ప్లగ్‌లోనూ ఒక ఫ్యూజ్ ఉంటుంది కాబట్టి. 13కి మించి ఏ ఒక్క ప్లగ్గూ లాగదన్న నమ్మకం మీదే ఈ పద్ధతి మొత్తం నిలబడింది.

నీలం ప్లగ్‌లో ఫ్యూజ్ ఉండదు. స్టవ్ తీగలో షార్ట్ సంగతి అటుంచు, కాస్త ఓవర్‌లోడ్ అయినా దాన్ని కాపాడాల్సింది 32 ఎంసీబీయే. సన్నటి తీగకి అది చాలా ఎక్కువ. బీఎస్ 7671 అనే ఇక్కడి వైరింగ్ ప్రమాణంలో రింగ్‌కి ఇచ్చిన మినహాయింపు కూడా బీఎస్ 1363 సాకెట్లకే, అంటే మామూలు 13 ఆంప్స్ వాటికే.

ఒక్క విషయం చూసి చెప్పు: గరాజ్‌కి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? వంటింటి గోడ మీద ఎక్కడైనా చిన్న ఫ్యూజ్ డ్రాయర్ ఉన్న స్విచ్ ఉందా?

ఎంకే_ఇంజినీర్ (మిల్టన్ కీన్స్)
నేను మెకానికల్ వాడినే కానీ లెక్క చూద్దాం. 3500ని 230తో భాగిస్తే 15.2 ఆంప్స్. రింగ్‌లో రెండు దారులు ఉన్నాయి కాబట్టి ఒక్కో వైపు సుమారు ఏడున్నర. 20 మోసే వైరు ఏడున్నర మోయలేదా? అదే గోడ మీద డబుల్ సాకెట్‌లో కెటిల్ ఒకటి, రూమ్ హీటర్ ఒకటి పెడితే అంతకంటే ఎక్కువే లాగుతాయి కదా, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఫ్యూజ్ సంగతి ఒప్పుకుంటా. దానికి స్పర్ (రింగ్ నుంచి కొమ్మలా తీసే ఒంటి వైరు) తీసి, గరాజ్‌లో చిన్న డబ్బాలో 16 ఆంప్స్ ఎంసీబీ పెట్టి, దాని తర్వాత నీలం సాకెట్ పెడితే సరి. ఊరికే కొత్త వైరు లాగి సీలింగ్ పగలగొట్టడం ఎందుకు?

వైర్‌మన్_స్లావ్
సగం సగం పంచుకోవడం అన్నది సాకెట్ సరిగ్గా రింగ్ మధ్యలో ఉంటేనే బ్రదర్. కరెంటు తక్కువ రెసిస్టెన్స్ ఉన్న వైపే ఎక్కువ వెళ్తుంది. పాయింట్ బోర్డు నుంచి మొత్తం పొడవులో పదో వంతు దూరంలో ఉందనుకో, 30 ఆంప్స్ లోడ్ పెడితే దగ్గరి వైపు వైరులో 27, చుట్టూ తిరిగొచ్చే వైపు 3. ఇప్పుడు ఈ ఇంటి సంగతి చూడు. బోర్డు మెట్ల కింద, పక్కనే వంటిల్లు, దాని పక్కన గరాజ్. అన్నీ ఒక చివరే. ఇండక్షన్ 15.2, కెటిల్ 13, వాషింగ్ మెషీన్ నీళ్లు కాచేటప్పుడు 9.5 అనుకుందాం. మొత్తం 37.7. ఇవన్నీ ఆ పదో వంతు దగ్గరే గుమిగూడితే దగ్గరి వైపు వైరులో 34 పోతుంది. 20 నుంచి 27 మోసే వైరు అది.

ఎంసీబీ పడిపోతుంది కదా అంటావేమో. 32 ఎంసీబీ 32 దాటగానే పడదు. దాని ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే 36 దాకా గంటసేపు పడకూడదు. 1.45 రెట్లు, అంటే 46 దగ్గర గంటలోపు పడాలి. ఆ రెండింటి మధ్య అది ఎప్పుడైనా పడొచ్చు, చాలాసేపు ఆగొచ్చు. పాతికమందికి బిర్యానీ వండే రోజు స్టవ్ గంటలు గంటలు ఫుల్ మీద ఉంటుంది. కెటిల్ మూడు నిమిషాల్లో ఆగిపోతుంది, నీ పోలికలో తేడా అక్కడ ఉంది. రింగ్‌లో ఏ భాగంలోనూ కరెంటు చాలాసేపు వైరు స్తోమత దాటకూడదని రూల్‌లోనే రాశారు. 2 కిలోవాట్లు దాటిన ఓవెన్లు, హాబ్‌లు, పెద్ద ఇమ్మర్షన్ హీటర్లు విడి వైరు మీదే పెట్టమని 7671 వెనక అనుబంధంలో ఉన్నది కూడా ఇందుకే.

డబుల్ సాకెట్‌కి 26 ఆంప్స్ వస్తుందనుకోవడం కూడా పొరపాటే. దాన్ని పరీక్షించేది మొత్తం 20 ఆంప్స్‌కే, ఒకవైపు 14, ఇంకోవైపు 6. కెటిల్ ఉన్న డబుల్ సాకెట్‌లోనే హీటర్ గంటలు నడిపితే ప్లాస్టిక్ గోధుమరంగు తిరగడం నేను చాలా ఇళ్లలో చూశాను.

పాతబంగ్లా_బర్మింగ్‌హామ్
బాబూ, ఈ రింగ్ ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1942లో, యుద్ధం తర్వాత కట్టే ఇళ్లకి కరెంటు ఎలా ఇవ్వాలని ఒక కమిటీ వేశారు. అందులో ఉన్న ఒకే ఒక్క మహిళ కారొలైన్ హాస్లెట్. ఇంట్లో పనిచేసుకునే ఆడవాళ్ల వైపు నుంచి, పిల్లల భద్రత వైపు నుంచి ఆలోచించిన మనిషి ఆవిడ. 1944లో రిపోర్టు వచ్చింది, 1947లో బీఎస్ 1363 ప్లగ్ వచ్చింది. రంధ్రాలకి లోపల మూతలు, ప్లగ్‌లో ఫ్యూజ్ ఇవన్నీ అప్పటివే.

అంతకుముందు గుండ్రటి పిన్నుల ప్లగ్గులు ఉండేవి, 2 ఆంప్స్, 5 ఆంప్స్, 15 ఆంప్స్ అని సైజుకొకటి. 15 ఆంప్స్ పాయింట్ పెట్టాలంటే ఫ్యూజ్ బోర్డు దాకా విడిగా వైరు లాగాల్సిందే. యుద్ధంతో రాగికి కరువు. లక్షల ఇళ్లు కట్టాలి. ఒకే వైరు చుట్టూ తిప్పి ఎక్కడంటే అక్కడ సాకెట్లు పెడితే రాగి మిగులుతుంది, ఇంట్లో పాయింట్లూ పెరుగుతాయి. రూమ్‌కి చిన్న హీటర్ ఒకటి, అదీ ఈ పూట ఈ రూమ్‌లో ఆ పూట ఆ రూమ్‌లో, వాళ్లు ఊహించిన వాడకం అంతే. ఒకే మూల గంటల తరబడి మూడున్నర కిలోవాట్లు లాగే స్టవ్ ఆ ఊహలో లేదు.

మన దేశంలో మిగిలింది ఆ పాత గుండ్రటి పిన్నుల పద్ధతే. మనింట్లో 6 ఆంప్స్, 16 ఆంప్స్ అని చెప్పుకునేవి ఆ 5, 15లకి వారసులు, మన దేశపు ప్లగ్గుల ప్రమాణం ఐఎస్ 1293 అంటే అవే. తణుకులో పవర్ ప్లగ్ ఎక్కడైనా పెట్టించుకోగలిగారంటే, మంచి పనివాడు అక్కడికి లావు వైరు విడిగా లాగాడు కాబట్టి. ఈ ఇంటికి కూడా ఇప్పుడు కావలసింది అదే పని.

గరాజ్_వంటిల్లు (రెడింగ్)
చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. వైర్‌మన్ గారూ, మీరన్నట్టే వంటింట్లో గరాజ్ తలుపు పక్కన చిన్న స్విచ్ ఉంది, దానికి ఎర్ర లైటు, పక్కన చిన్న డ్రాయర్, లోపల 13 అని రాసున్న ఫ్యూజ్. అది ఆపితే గరాజ్‌లో రెండు సాకెట్లూ, లైటూ పోయాయి. బోర్డు పాత తెల్ల ప్లాస్టిక్‌ది, ఆరు ఎంసీబీలు, ఒక ఆర్‌సీడీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంది. షవర్‌కి విడిగా 45 అని ఉంది, కుక్కర్‌కి 32. ఖాళీ జాగా ఒకటి కనిపిస్తోంది.

వైర్‌మన్_స్లావ్
అనుకున్నాను. అదే ఫ్యూజ్డ్ స్పర్, రింగ్ నుంచి ఫ్యూజ్ ద్వారా తీసిన కొమ్మ. అంటే గరాజ్ మొత్తానికి కలిపి 13 ఆంప్స్, ఫ్రీజరూ లైటూ అందులోనే. అక్కడ నీలం సాకెట్ పెట్టి స్టవ్ ఫుల్ మీద పెడితే 15.2, దాని పైన ఫ్రీజర్. 13 ఫ్యూజ్ వెంటనే పోదు, 20 దాకా కూడా చాలాసేపు మోస్తుంది, మోస్తూ మోస్తూ బాగా వేడెక్కుతుంది, ఆ స్విచ్ ముందు మెత్తబడుతుంది. ఏదో ఒక వంట మధ్యలో ఫ్యూజ్ పోతుంది. ఫ్రీజర్ ఆగినట్టు మర్నాటి దాకా ఎవరూ చూడరు.

ఆ దశలో జనం చేసే పని ఒకటుంది. ఫ్యూజ్ ఉన్న స్విచ్ తీసేసి ఫ్యూజ్ లేని 20 ఆంప్స్ స్విచ్ బిగిస్తారు. ఎవరు చెప్పినా అది మాత్రం చేయకండి.

లత_లెస్టర్
సరిగ్గా ఇదే మా ఇంట్లో జరిగింది, అందుకే రాస్తున్నాను. మేము ఇల్లు కొనక ముందే పాత ఓనరు ఎవరో పనివాడితో కన్సర్వేటరీకి (ఇంటికి ఆనుకున్న అద్దాల గదికి) ఇలా చేయించారు. ఫ్యూజ్డ్ స్విచ్ స్థానంలో మామూలు స్విచ్, దాని తర్వాత ఒకే 2.5 వైరు మీద నాలుగు డబుల్ సాకెట్లు. మాకేం తెలుసు, చలికాలంలో అక్కడ రెండు హీటర్లు పెట్టాం, ఇస్త్రీ కూడా అక్కడే. ఏమీ ట్రిప్ అవ్వలేదు, అందుకే అనుమానం రాలేదు. ఒకరోజు ఏదో కాలుతున్న చేప వాసన లాంటిది, నిజానికి వంట ఏమీ లేదు. స్విచ్ ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి. మెయిన్ ఆపేశాం. ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పితే లోపల వైరు పైపొర నల్లగా, పెళుసుగా విరిగిపోతోంది. ఆ గోడ వెనక చెక్క ఫ్రేమ్. పిల్లలు పడుకునే గది ఆ పైనే.

ట్రిప్ అవ్వడం లేదు కదా అన్న మాటని నేను మళ్లీ నమ్మను. కాలుతున్న ప్లాస్టిక్ వాసన చేప వాసనలా ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది, మన ఇళ్లలో ఆ వాసన వస్తే వంటే అనుకుంటాం, దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఎంకే_ఇంజినీర్ (మిల్టన్ కీన్స్)
లత గారూ, చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది. సరే, గరాజ్ ఫ్యూజ్డ్ స్పర్ మీద ఉందంటే నా లెక్క అక్కడ వర్తించదు. కానీ రింగ్ నుంచి నేరుగా కొత్త స్పర్ తీసి లోకల్‌గా 16 ఎంసీబీ పెట్టడం గురించి అడిగింది అలాగే ఉంది. స్పర్ వైరు 2.5, దాన్ని కాపాడేది 16. ఇందులో ప్రమాదం ఎక్కడ?

వైర్‌మన్_స్లావ్
స్పర్ వైరుకి ప్రమాదం లేదు, నువ్వు చెప్పింది ఆ ముక్క వరకూ నిజం. ఇబ్బంది వెనకున్న రింగ్‌కి. 13 అనుకున్న చోట 16 ఇస్తున్నావు, అదీ ఆగకుండా, అదీ బోర్డు పక్కనే. అలా పెట్టినవాళ్లు ఉన్నారు, నడుస్తున్నవీ ఉన్నాయి, కానీ నేను సంతకం పెట్టను. ఇంకో పెద్ద కారణం ఉంది, అది చాలామందికి తెలియదు.

రింగ్ తెగినా తెలియదు.

రేడియల్ వైరింగ్‌లో, అంటే బోర్డుకి తిరిగి రాకుండా చివర ఆగిపోయే వైరులో, ఎక్కడైనా ఊడితే ఆ తర్వాతి సాకెట్లు పనిచేయవు, వెంటనే మనిషిని పిలుస్తాం. రింగ్‌లో ఒకచోట స్క్రూ లూజై వైరు ఊడినా, అవతలి వైపు నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. అన్ని సాకెట్లూ పనిచేస్తాయి. లైట్లు మినుకుమనవు, ఏ గుర్తూ ఉండదు. కానీ ఇప్పుడు నీ ఇంట్లో ఉన్నవి 32 ఎంసీబీ మీద రెండు ఒంటి వైర్లు. 20 మోసే వైరు మీద 32 ఎంసీబీ. వంటిల్లు రీమోడల్ చేసినప్పుడు ఒక సాకెట్ తీసేసి వైర్లు కలపకుండా వదిలేయడం, పాత వైర్లని కనెక్టర్ బ్లాక్‌లో పెట్టి ప్లాస్టర్ చేసేయడం, ఇవి నాకు తరచూ దొరుకుతాయి. 1980ల ఇల్లు అంటే ఈపాటికి ఎంతమంది చేతులు పడ్డాయో.

దీనికి టెస్ట్ ఉంది. బోర్డులో మెయిన్ ఆపి, రింగ్ రెండు కొసలూ విప్పి, ఫేజ్ కొస నుంచి ఫేజ్ కొసకి, న్యూట్రల్ నుంచి న్యూట్రల్‌కి, ఎర్త్ నుంచి ఎర్త్‌కి రెసిస్టెన్స్ కొలుస్తాం. 60 మీటర్ల రింగ్ అయితే ఫేజ్‌కి 0.44 ఓమ్స్ రావాలి, న్యూట్రల్‌కీ అంతే. ఎర్త్ తీగ సన్నం, 1.5, కాబట్టి దానికి 0.73. ఈ మూడింట్లో ఏదైనా రీడింగ్ రాకపోతే రింగ్ ఎక్కడో తెగింది. తర్వాత ఒక కొస ఫేజ్‌ని అవతలి కొస న్యూట్రల్‌తో అడ్డంగా కలిపి ప్రతి సాకెట్ దగ్గరా కొలుస్తాం, అన్నిచోట్లా దాదాపు ఒకే అంకె రావాలి, ఎక్కువ వచ్చిందంటే అది స్పర్. ఎర్త్‌తో కూడా మళ్లీ ఇలాగే. ఇది చేయకుండా రింగ్‌కి ఏదైనా తగిలించేవాడిని ఇంట్లోకి రానివ్వకండి. సాకెట్ టెస్టర్ అని మూడు లైట్లు వెలిగే ప్లగ్ ఒకటి అమ్ముతారు, తెగిన రింగ్‌ని అది పట్టుకోలేదు.

కొంపల్లి_కొత్తిల్లు
హైదరాబాద్ నుంచి అడుగుతున్నా, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. కొంపల్లిలో ఇల్లు కట్టిస్తున్నాం, వైరింగ్ ఇంకా మొదలవలేదు. లండన్‌లో ఉన్న మా బావగారు రింగ్ వేయించండి, వైరు కలిసొస్తుంది అన్నారు. మూడు ఏసీలు, రెండు గీజర్లు. వేయించమంటారా?

పాతబంగ్లా_బర్మింగ్‌హామ్
వద్దు బాబూ. బావగారికి మంచి ఉద్దేశమే ఉండి ఉంటుంది కానీ మన ప్లగ్‌లో ఫ్యూజ్ లేదు. మిక్సీకి ఉండే సన్నటి తీగ, దానికి 6 ఆంప్స్ ప్లగ్. దాన్ని 32 ఎంసీబీ ఉన్న రింగ్ మీద పెడితే ఆ తీగ కాలి తెగాక గానీ ఎంసీబీకి తెలియదు. ఇంగ్లండ్ రింగ్‌ని తెచ్చి ఇండియా ప్లగ్‌కి కలపకూడదు.

ప్రతి ఏసీకీ, ప్రతి గీజర్‌కీ డీబీ (ఎంసీబీల బోర్డు) నుంచి విడి వైరు, విడి ఎంసీబీ వేయించుకోండి. 2 కిలోవాట్ల గీజర్ లాగేది 9 ఆంప్స్ లోపే, అయినా 16 ఆంప్స్ పాయింటే పెట్టండి, 6 ఆంప్స్ పాయింట్‌కి గీజర్ పెట్టకూడదు. ఏసీలకి 4 స్క్వేర్ వైరు వేయించండి. గీజర్లున్న బాత్రూమ్‌లకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (ఇక్కడి ఆర్‌సీడీ లాంటిదే) తప్పకుండా పెట్టించండి, దాన్ని ఖర్చు అని తీసేయనివ్వకండి. వంటింట్లో ఇండక్షన్, ఓవెన్, డిష్‌వాషర్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే వాటికి కూడా పైపుల్లో విడిగా వైర్లు వేయించేయండి. గోడలు పూర్తయ్యాక అదే పని పది రెట్లు కష్టం. ఎర్త్ వైరు ప్రతి పాయింట్‌కీ వచ్చిందో లేదో ప్లాస్టరింగ్‌కి ముందే మీరు దగ్గరుండి చూడండి.

కొంపల్లి_కొత్తిల్లు
చాలా మేలు చేశారు సార్. బావగారికి ఈ పేజీ పంపుతున్నా.

హౌన్స్‌లో_ఈవీ
నాదీ ఇలాంటిదే. ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం, కారుతో పాటు వచ్చిన త్రీ పిన్ చార్జర్‌ని హాల్‌లోని సాకెట్‌కి పెట్టి కిటికీలోంచి బయటికి తీస్తున్నా. 10 ఆంప్స్ మాత్రమే లాగుతుందట. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద నడుస్తోంది. రింగ్‌కి ఇబ్బందా?

వైర్‌మన్_స్లావ్
10 ఆంప్స్ అన్నది చిన్న అంకెలా కనిపిస్తుంది, కానీ రాత్రి పది గంటలు ఆగకుండా పోతుంది. ముందు ఎక్స్‌టెన్షన్ తీసేయ్. చుట్ట చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ అయితే ఈ రాత్రే తీసేయ్, చుట్టలో వేడి బయటికి పోదు. చార్జింగ్ మొదలై గంట అయ్యాక ప్లగ్‌నీ, సాకెట్ ముఖాన్నీ తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే, వేడిగా ఉంటే ఆ సాకెట్ లోపల పట్టు పోయింది, మార్పించు.

అసలు పద్ధతి మాత్రం కారుకి విడి సర్క్యూట్. మన బీఎస్ 7671లో కార్ల చార్జింగ్‌కి ఒక సెక్షనే ఉంది, 722, చార్జింగ్ పాయింట్‌కి వేరే ఏదీ కలవని సర్క్యూట్ ఉండాలంటుంది. గోడకి పెట్టే 7.4 కిలోవాట్ల చార్జర్ 32 ఆంప్స్ లాగుతుంది, అంటే మొత్తం రింగ్ ఎంసీబీ అంత. పైగా కారు బయట తడి నేల మీద ఉంటుంది. వీధిలో న్యూట్రల్ తెగితే కారు బాడీకి కరెంటు వచ్చే ప్రమాదం కొన్నిరకాల ఎర్తింగ్‌లో ఉంది, దానికి రక్షణ ఉన్న చార్జర్ కావాలి. ఇది సొంతంగా చేసుకునే పని కాదు.

గరాజ్_వంటిల్లు (రెడింగ్)
ఇద్దరు ఎలక్ట్రీషియన్లని పిలిచి చూపించాం. మొదటాయన ఏ మీటరూ తియ్యకుండా, స్పర్ తీసి నీలం సాకెట్ పెట్టేస్తా, మధ్యాహ్నానికి అయిపోతుంది అన్నాడు. టెస్ట్ చేస్తారా అని అడిగితే అవసరం లేదన్నాడు, పంపించేశాం. రెండో ఆవిడ ముందు రింగ్ టెస్ట్ చేస్తానంది. ఫేజ్ రీడింగ్ వచ్చింది, ఎర్త్ వచ్చింది, న్యూట్రల్ రాలేదు. వెతికితే డిష్‌వాషర్ వెనక సాకెట్‌లో న్యూట్రల్ ఒకటి స్క్రూ కింద లేకుండా పక్కకి వంగి ఉంది. ఎన్నేళ్ల నుంచి అలా ఉందో. అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి ఇంతకాలం. అది బిగించి మళ్లీ కొలిస్తే మూడూ వచ్చాయి.

స్టవ్‌కి విడి వైరు లాగాలని ఆవిడా చెప్పింది. వైరు 4 స్క్వేర్ ఎంఎం వేస్తానంటోంది, 16 ఆంప్స్‌కి 2.5 చాలదా అని అడగడం మర్చిపోయాను. ఇంకా మెయిన్ ఫ్యూజ్ 60 అయితే ఆలోచించాలి అంది. అది ఎలా తెలుస్తుంది? సీలు విప్పి చూడొచ్చా?

వైర్‌మన్_స్లావ్
మంచి మనిషి దొరికింది, ఆవిడనే పెట్టుకో. ఆ న్యూట్రల్ చూశావా, ఆ స్థితిలో మూడున్నర కిలోవాట్లు కలిపి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

4 ఎందుకంటే, మీ వైరు గరాజ్ సీలింగ్ పైన లాఫ్ట్ ఇన్సులేషన్‌లోంచి పోవాలి. 2.5 వైరు చుట్టూ పూర్తిగా ఇన్సులేషన్ కమ్మేస్తే దాని స్తోమత 13.5కి పడిపోతుంది. 4 అయితే అదే పరిస్థితిలో 17.5, కాబట్టి 16కి సరిపోతుంది. వోల్టేజ్ డ్రాప్ కూడా చూస్తే 20 మీటర్లకి మూడున్నర వోల్టులే, బెంగలేదు. బోర్డులో 16 ఆంప్స్ ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీడీ రెండూ కలిసిన బ్రేకర్), టైప్ ఏ, 30 మిల్లీ ఆంప్స్ అడుగు. ఇండక్షన్ లాంటి ఎలక్ట్రానిక్ లోడ్‌లకి పాత టైప్ ఏసీ పనికిరాదు. మీ బోర్డు కంపెనీకి సరిపడే బ్రేకర్ దొరక్కపోతే, మెట్ల కింద ఉన్న ప్లాస్టిక్ బోర్డు మార్చి మెటల్‌ది పెట్టించడం గురించి ఆవిడ మాట్లాడుతుంది, దానికి కాదనకండి. 2016 నుంచి ఇళ్లలో కొత్తగా పెట్టే బోర్డులకి మంట అంటుకోని పెట్టె ఉండాలి, మెట్ల కింద మంట లేస్తే బయటికి దారి అదే కదా.

మెయిన్ ఫ్యూజ్ సీలు మాత్రం ముట్టుకోవద్దు. అది నీది కాదు, వీధి లైన్ల కంపెనీది, రెడింగ్‌లో ఎస్‌ఎస్‌ఈఎన్. కటౌట్ (ఆ ఫ్యూజ్ ఉండే సీలు పెట్టె) మీద రాసినది ఒక్కోసారి లోపలున్నదానితో కలవదు కూడా. వాళ్లకే ఫోన్ చేసి అడిగితే చెప్తారు, 60 ఉంటే పెంచమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ షవర్ 9.5 కిలోవాట్లదైతే అదొక్కటే 41 ఆంప్స్. షవర్, కుక్కర్, ఇండక్షన్ ఒకేసారి నడిచే పండగ పొద్దునే లెక్కలో పెట్టుకోవాలి.

లత_లెస్టర్
ఒకవేళ ఇదంతా వీలుకాకపోతే స్టవ్‌నే మార్చుకోవచ్చు కదండీ? 3 కిలోవాట్లవి మామూలు 13 ఆంప్స్ ప్లగ్‌తోనే వస్తాయి. 3.5కీ 3కీ వంటలో అంత తేడా ఏముంటుంది, పెద్ద గిన్నె మరగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది అంతే.

వైర్‌మన్_స్లావ్
మంచి మాట లత గారూ. వాళ్ల గరాజ్‌లో ఇప్పుడున్న ఫ్యూజ్డ్ స్పర్ మీద అది కూడా పెట్టకూడదు, ఫ్రీజర్‌తో కలిపి 13 దాటుతుంది. కానీ అసలు రింగ్ మీదే ఉన్న వంటింటి సాకెట్‌కి పెట్టుకుని అప్పుడప్పుడు వాడుకునేవాళ్లకి చక్కగా సరిపోతుంది. రోజూ గంటలు వాడేవాళ్లకి మాత్రం 3 అయినా విడి వైరే నా సలహా.

ఎంకే_ఇంజినీర్ (మిల్టన్ కీన్స్)
తెగిన న్యూట్రల్ సంగతి చదివాక నా వాదన వెనక్కి తీసుకుంటున్నా. నా లెక్కలన్నీ రింగ్ నిండుగా ఉందనుకుని వేసినవి. ఒక ప్రశ్న, కొత్త సర్క్యూట్‌కి కౌన్సిల్‌కి చెప్పాలంటారు, నిజమేనా? సాకెట్ ఒకటి పెంచితే కూడానా?

వైర్‌మన్_స్లావ్
ఇంగ్లండ్ వరకూ చెప్తాను, స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు. ఉన్న రింగ్‌కి ఒక సాకెట్ కలపడం, అది బాత్రూమ్‌లో కాకపోతే, 2013 నుంచి చెప్పాల్సిన పని కాదు, అయినా పని ప్రమాణం ప్రకారమే ఉండాలి, మైనర్ వర్క్స్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. కొత్త సర్క్యూట్, బోర్డు మార్పు, ఇవి పార్ట్ పీ (బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో ఇంటి కరెంటు పనుల భాగం) కింద చెప్పాల్సినవి. ఎన్‌ఐసీఈఐసీ, నాపిట్ లాంటి స్కీముల్లో ఉన్న ఎలక్ట్రీషియన్ అయితే వాళ్లే నమోదు చేస్తారు, మీరు కౌన్సిల్ చుట్టూ తిరగక్కర్లేదు. మీ చేతికి రెండు కాగితాలు రావాలి: టెస్ట్ రీడింగులతో ఉన్న ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్, బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ అడిగేది ఈ రెండోదే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక రీడింగుల కాలమ్ చూడండి. రింగ్ వరుసలో మూడు అంకెలు ఉండాలి, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ దాదాపు ఒకటే, ఎర్త్‌కి దానికి 1.67 రెట్లు. ఆ గళ్లు ఖాళీగా ఉంటే టెస్ట్ చేయనట్టే, డబ్బులిచ్చే ముందే అడగండి.